విషవ్యర్థముల పారవేతయు, మన బావినీరును

ఎరువులు, విత్తనములు, అప్పులు, పంట అమ్మకము అను విషయములను గూర్చి ఈ పత్రికయందు తరచుగా వ్రాయుచున్నాము. ఈ మాసమున వానికన్నిటికిని ఆధారమగు బావినీటిని గూర్చి వ్రాయ దలచితిమి. ప్రొద్దుటూరు సీమలో కాలువనీరు కొంత గలదు. జమ్మలమడుగు నల్లరేగడి భూములకు వానయు, పెన్నయు ఆధారము. పులివెందుల వైపున చీనీతోటలును, అరటితోటలును చాలవరకు బోరుబావులను నమ్ముకొని యున్నవి. బోరునీరు చెడినచో అప్పు దొరకినను, విత్తనము దొరకినను ప్రయోజనము లేదు. ఆ నీటిని చెరుపగల వానిలో ప్రమాదకర వ్యర్థములు ముఖ్యమైనవి. వానిని ఏయే రీతుల పారవేయుదురో, ఆ రీతులవలన నేలకును నీటికిని ఏమగునో, రైతు ఏమి కనిపెట్టి యుండవలెనో ఈ పాఠమున తెలుపుచున్నాము.

1. ప్రమాదకర వ్యర్థమన నేమి?

పెంట, ఊక, ఆకు అలము మొదలగునవి వ్యర్థములే యైనను, కుళ్లి మరల నేలకు బలమగును. ప్రమాదకర వ్యర్థము అట్టిది కాదు. అది విషమైనను కావచ్చును, మండునదైనను కావచ్చును, తాకిన దానిని కొరుకు ఆమ్లమో క్షారమో యైనను కావచ్చును, కంటికి కనబడని కిరణములను విడుచునదైనను కావచ్చును. మన దేశమున 1984 డిసెంబరులో భోపాలునందు జరిగిన ఘోరము తరువాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము ఏర్పడెను. దాని క్రిందనే ప్రమాదకర వ్యర్థముల నిబంధనలు వచ్చినవి. ఇప్పుడు అమలులో నున్నవి 2016 నాటివి. కిరణములను విడుచు వ్యర్థములు మాత్రము ఈ నిబంధనలలో చేరవు. వానికి అణుశక్తికి చెందిన ప్రత్యేక చట్టమును, నిబంధనలును వర్తించును. ఈ భేదము మన జిల్లా రైతునకు తెలిసి యుండవలెను. ఏలయన మన జిల్లాయందు రెండు తెగల వ్యర్థములును గలవు.

2. పారవేయు పద్ధతులు

ఎన్ని పేర్లతో పిలిచినను పద్ధతులు ముఖ్యముగా నాలుగే.

మొదటిది కాల్చుట. తగిన కొలిమిలో సుమారు 1100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినచో అనేక విషములు విడిపోవును. అంత వేడి లేని మంటలో, అనగా మన దిబ్బలమీది మంటలో, ప్లాస్టిక్కును మందుడబ్బాలను కాల్చినచో డయాక్సిను అను మరింత చెడ్డ విషము పుట్టి పొగతో గాలిలో కలియును. సీసము, పాదరసము వంటి లోహములు ఏ మంటకును నశింపవు. అవి బూడిదలో నిలుచును, లేదా పొగతో పోవును.

రెండవది పాతిపెట్టుట. గొయ్యి అడుగున గట్టి బంకమట్టిని పరచి, దానిమీద దట్టమగు ప్లాస్టిక్కు అస్తరు వేసి, ఊరిన నీటిని తోడుటకు గొట్టముల నమర్చి, నిండిన పిదప పైన మూత వేయవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున హైదరాబాదు కడ దుండిగల్లునందును, విశాఖపట్టణము కడ పరవాడయందును ఇట్టి నిక్షేప స్థలము లేర్పడినవి. అస్తరు లేని గొయ్యి నిక్షేపము కాదు. వాననీరు దానిలో దిగి విషమును కరగించుకొని భూగర్భజలమును చేరుటకు త్రోవ మాత్రమే యగును.

మూడవది మరల వాడుకొనుట. ముద్దనూరు కడ రాయలసీమ తాప విద్యుత్కేంద్రపు బూడిదను సిమెంటు పనికి వాడుట ఇట్టిదే. వాడకము లేక బూడిద గుట్టలు పడినచో, వేసవి గాలికి దుమ్మై చేలమీద వ్రాలును.

నాలుగవది నిలువ చేయుట. నశింపజేయుటకు వీలు లేనిదియు, వాడుకొనుటకు పనికిరానిదియు నగు వ్యర్థమును, కట్ట వేసి చెరువువలె నిలుపుదురు. గనుల బురదకు చాలచోట్ల ఇదే గతి. మన పులివెందుల ప్రాంతమున జరుగుచున్నదియు నిదియే. కావున దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసి యున్నది.

3. తుమ్మలపల్లె గని

వేముల మండలములోని తుమ్మలపల్లె చుట్టునగల రాతి పొరలలో యురేనియము గలదు. భారత యురేనియము సంస్థ, కేంద్రప్రభుత్వపు అణుశక్తి శాఖకు చెందినది, అచ్చట గనిని త్రవ్వినది. 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగెను. 2007లో శంకుస్థాపన జరిగెను. 2012లో గని ప్రారంభమయ్యెను. దినమునకు 3000 టన్నుల రాతిని శుద్ధిచేయునట్లు కర్మాగారము నేర్పరచిరి.

ఇచ్చటి రాయి సున్నపు జాతికి చెందినది. ఆమ్లము పోసినచో ఆ ఆమ్లమును రాయియే తినివేయును. అందువలన జార్ఖండులోని జాదుగుడాయందువలె ఆమ్లముతో గాక, సోడియం కార్బొనేటు, సోడియం బైకార్బొనేటు అను క్షారములతో, వేడియు ఒత్తిడియు కలిపి, యురేనియమును కరగించి తీయుచున్నారు. టన్ను రాతిలో యురేనియము అర కిలో కన్న తక్కువ. అనగా త్రవ్వి పొడిచేసిన రాయి యంతయు ఇంచుమించుగా వ్యర్థముగనే మిగులును. ఆ పొడి బురదను గొట్టములద్వారా కె.కె. కొట్టాల సమీపమునందలి జలాశయములోనికి పంపుచున్నారు. దానిని అందరును టెయిలింగ్ పాండు అని పిలుచుచున్నారు.

4. ఆ బురదలో నేమున్నది?

యురేనియమును తీసివేసిన తరువాత మిగిలినది వట్టి మన్నే గదా యని కొంద రనుకొందురు. అది సరికాదు. యురేనియము దానంతట అది మెల్లగా మారుచు థోరియము, రేడియము మొదలగు సంతానమును పుట్టించును. ఆ సంతానము రాతిలోనే యున్నది. కర్మాగారము తల్లిని తీసికొని పోయినను పిల్లలు బురదలో నుండిపోవును. రాతిలోని కిరణశక్తిలో సుమారు నూటికి 85 వంతులు బురదలోనే మిగులునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రేడియపు శక్తి సగమగుటకు 1600 సంవత్సరములు పట్టును. ఆ బురదలోని థోరియమునకు సుమారు 75000 సంవత్సరములు పట్టును. రేడియమునుండి రేడాను అను వాయువు పుట్టి గాలిలో కలియును. బురద యెండినచో దుమ్ము లేచును. కావున బురదను తడిగానైనను ఉంచవలెను, లేదా మట్టితో దిట్టముగా కప్పవలెను.

ఇది మొదటి హాని. రెండవది రైతునకు ఇంతకన్న త్వరగా కనబడునది, కాని తక్కువగా చర్చింపబడునది. అది ఉప్పు. సోడియం క్షారములతో శుద్ధిచేసిన బురదనీటిలో సోడియము అధికముగా నుండును. అట్టి నీరు ఊటగా దిగి బోరులలో కలసి, ఆ బోరునీరు చేనికి పారినచో, మట్టిరేణువులను పట్టియుంచు కాల్షియమును సోడియము త్రోసివేయును. అప్పుడు మట్టి పొడి చెదరి, తడిసినప్పుడు బురదయై, ఎండినప్పుడు పెచ్చుగట్టును. నీరు దిగదు, గాలి ఆడదు, వేరు పారదు. దీనినే మనము చౌడు పట్టినదని చెప్పుదుము. అరటి ఉప్పును ఓర్వలేని పంట. ఆకు అంచులు మొదట మాడును. చీనీయు ఉప్పునకు సున్నితమైనదే.

మూడవ సంగతి గలదు. బైకార్బొనేటు గల నీరు యురేనియమును సులువుగా కరగించును. కర్మాగారములో వాడు సూత్రమే భూమిలోపలను పనిచేయును. అట్టి నీరు రాతిపొరలగుండా పోవునప్పుడు తానుగా తెచ్చిన దానికి తోడు, దారిలోని యురేనియమును సైతము మోసికొని పోగలదు.

5. ఎవరి మాట నమ్మవలెను?

కె.కె. కొట్టాల మొదలగు గ్రామముల రైతులు, తమ బోరునీరు చెడినదనియు, అరటితోటలు మాడినవనియు, చర్మవ్యాధులు వచ్చుచున్నవనియు మొరపెట్టుకొనిరి. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, టెయిలింగ్ పాండు అడుగు అస్తరు మొదలగు విషయములపై సంజాయిషీ కోరుచు సంస్థకు నోటీసు నిచ్చెను. ఆ పిమ్మట నిపుణుల సంఘము వచ్చి పరిశీలించెను. సంస్థవారు తమ జలాశయమువలన హాని లేదనియు, ఈ ప్రాంతపు రాతిలో యురేనియము సహజముగానే యున్నందున నీటిలో కనబడుట వింత కాదనియు చెప్పిరి.

ఈ రెండు మాటలను తూచుట యెట్లు? రాతిలో యురేనియ మున్నమాట నిజమే. అది లేనిచో గనియే లేదు. కాని యీ సమాధానము సగము ప్రశ్నకు మాత్రమే చాలును. గని రాకముందు ఆ బోరునీటిలో నెంత యుండెను, నేడెంత యున్నది, జలాశయమునకు ఎగువ బోరులలో నెంత, దిగువ బోరులలో నెంత యను లెక్కలు ప్రక్కప్రక్కన పెట్టినచో, సహజమైన దేదియో, వచ్చి చేరిన దేదియో చాలవరకు తేలును. యురేనియముతోపాటు సోడియమును, బైకార్బొనేటును, సల్ఫేటును కూడ కొలిచినచో సంగతి మరింత స్పష్టమగును. రాయి సహజముగా నిచ్చు నీటికిని, కర్మాగారపు క్షారము కలసిన నీటికిని పొందిక వేరుగా నుండును. పాత లెక్క చేతిలో లేని రైతు ఎంత నిజము చెప్పినను అది మాటగనే మిగులును. తేదీ వేసిన లెక్క గల రైతు మాట సాక్ష్యమగును. ఈ పాఠమునకంతకును సార మిదియే.

త్రాగునీటిలో యురేనియము లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. మన దేశపు అణుశక్తి నియంత్రణ మండలి 60 మైక్రోగ్రాములను హద్దుగా పెట్టినది. యురేనియము కిరణములవలన కన్న, లోహవిషముగా మూత్రపిండములకు ముందు కీడు చేయును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నీటిని కాచినచో పోదు. ఆవిరి పోయిన కొలది మరింత చిక్కబడును. ఆర్.ఓ. యంత్రము చాలవరకు తీసివేయును గాని, అది విడిచిన నీటిలో ఆ విషమంతయు చేరును. కావున అట్టి నీటిని పశువుల తొట్టిలో పోయరాదు.

6. ఇతర స్థలముల అనుభవము

బురదచెరువుల కట్టలు తెగుట వింత కాదు. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున చర్చ్‌రాక్ అనుచోట 1979 జులై 16వ తేదీన యురేనియపు బురదకట్ట తెగి, సుమారు 35 కోట్ల లీటర్ల విషజలమును, 1100 టన్నుల బురదయు పుయెర్కో నదిలో పడినవి. ఆ నదిలో తమ గొఱ్ఱెలకును పశువులకును నీరు త్రాపుకొను నవాహో జాతివారు కష్టముల పాలైరి. జాదుగుడాయందు 2006 డిసెంబరులో బురదగొట్టము పగిలి వాగులోనికి విషము పారెను. అమెరికాలోనే మోయాబు అనుచోట కొలరాడో నది గట్టున అస్తరు లేకుండ పోసిన 1 కోటి 60 లక్షల టన్నుల బురదగుట్టను, దూరమున త్రవ్విన గోతికి రైలుమీద తరలించుటను 2009లో మొదలుపెట్టిరి. ఆ పనికి పదునైదేండ్లకు పైగా పట్టినది. మొదట అస్తరు వేయుటకు వెనుదీసిన ఖర్చు, పిదప ఎన్నో రెట్లయి వచ్చునని దీనివలన తెలియుచున్నది.

తెలుగునాట పటాన్‌చెరువు కథ వేరొక పాఠము. అచ్చటి మందుల కర్మాగారముల మురుగు నక్కవాగులో కలసి మంజీరవరకు పోవుచుండగా, వాగునీటిని నమ్మిన చేలు పాడైనవి. 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము వేయబడెను. కోర్టు ఉత్తరువులమీద రైతులకు కొంత నష్టపరిహారము దక్కెను. ఆ వ్యాజ్యము హైకోర్టునకు, పిదప జాతీయ హరిత న్యాయస్థానమునకు మారి 2017లో తీర్పునకు వచ్చెను. ఇరువదియేడు సంవత్సరములు! వ్యాజ్యము గెలిచినను, చెడిన నేల వెంటనే తిరిగి రాదు. కావున ముందుజాగ్రత్తయే మేలు.

7. మన చేతిలోని విషము

కర్మాగారములను ప్రశ్నించు మనము, మన చేతులలోని విషమును మరువరాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల ప్రత్తికిని శనగకును, పులివెందుల తోటలకును ఏటేట పురుగుమందు కొట్టుచున్నాము. ఖాళీ సీసాలు గట్లమీదను, కాలువలలోను, బావి యొడ్డునను పడియుండుట అందరును చూచుచున్నదే. అదియు ప్రమాదకర వ్యర్థమే.

1971 నాటి పురుగుమందుల నిబంధనలలోని 44వ నిబంధన ప్రకారము, ఖాళీ డబ్బాలను మరల వాడుటకు వీలులేకుండ పగులగొట్టి, ఊరికి దూరముగా పాతిపెట్టవలెను. మందునుగాని, కడిగిన నీటినిగాని నీటివనరులకు హాని కలుగునట్లు విడువరాదు. ఆచరణలో నిట్లు చేయుట మేలు. మందు పూర్తిగా వంచిన వెంటనే సీసాలో నాలుగవ వంతు నీరు పోసి, మూత బిగించి, అర నిమిషము కుదిపి, ఆ నీటిని మందుకొట్టు పంపులోనే పోయవలెను. ఇట్లు మూడుమారులు చేయవలెను. కడిగిన నీరు చేనికే పోవును గనుక మందును వృథా కాదు. పిదప సీసాకు చిల్లులు పొడువవలెను. అట్టి సీసాలో నూనెగాని, కిరోసినుగాని, త్రాగునీరుగాని పోయరాదు. పొయ్యిలో కాల్చరాదు. మిగిలిన మందును కాలువలో పారబోయక, దానిపై వ్రాసిన ప్రకారము తగిన పైరుమీదనే వాడి ముగించవలెను. నిషేధింపబడిన మందు, ఎండోసల్ఫానువంటిది, 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసినట్టిది, ఇంట మూలనున్నచో దానిని ఎవరును తెరువరాదు, పాతరాదు, వ్యవసాయాధికారికి తెలియజేయవలెను.

జమ్మలమడుగు కడ పెన్నలో పారవేసినది ప్రొద్దుటూరు వారి నీటిలో చేరును. పులివెందుల వైపు వాగులలో పడినది పాపాఘ్నిద్వారా పెన్నకే చేరును. ఒకరి గట్టుమీది డబ్బా మరియొకరి బావిలో విషమగును.

8. సంఘములు చేయదగిన పనులు

ఒంటరి రైతు నీటిని పరీక్షింపజేయుట కష్టము. పరీక్ష చేయించినను ఒక్క కాగితము బలము తక్కువ. పదిమంది కలసినచో ఖర్చు తగ్గును, లెక్క నిలుచును. అందుచేత మన సంఘములు ఈ క్రింది పనులను చేపట్టవలెనని కోరుచున్నాము.

(అ) ప్రతి గ్రామమునను కొన్ని బోరులను ఎంచి, ఏటికి రెండుమారులు, మే నెలలో వానలకు ముందును, నవంబరులో వానల తరువాతను నీటిని పరీక్షింపజేయుట. టెయిలింగ్ పాండువంటివి సమీపమున నున్నచో ఎగువనొకటి, దిగువ మూడు నాలుగు బోరులను తప్పక ఎంచవలెను.

(ఆ) నీటిని పట్టుటకు ముందు మోటారును పది పదునైదు నిమిషములు నడుపవలెను. శుభ్రమైన సీసాను అదే నీటితో మూడుమారులు కడిగి, అంచుదాక నింపి, మూత వేసి, తేదీ, సర్వే నంబరు, బోరు లోతు వ్రాసి అంటింపవలెను. ఆలస్యము చేయక పరీక్షశాలకు పంపవలెను. యురేనియపు పరీక్ష ప్రత్యేకమైనది గనుక సీసాను పరీక్షశాలవారు చెప్పినట్లే సిద్ధము చేయవలెను.

(ఇ) సేద్యపు నీటికి మూడు లెక్కలను ముఖ్యముగా చూడవలెను. విద్యుద్వాహకత 2.25 మించినచో ఉప్పు మిక్కుటము. అవశేష సోడియం కార్బొనేటు 1.25 లోపల నున్నచో మంచిది, 2.5 మించినచో ఆ నీరు సేద్యమునకు తగదు. పి.హెచ్. 8.5 దాటినచో అనుమానింపవలెను.

(ఈ) చౌడు పట్టిన నేలకు, భూసార పరీక్ష చేయించి, చెప్పిన మోతాదున జిప్సము వేసి, మంచినీటితో ఉప్పును క్రిందికి దింపవలెను. పచ్చిరొట్ట ఎరువు దీనికి తోడ్పడును. కాని చెడునీరు పారుచుండగా జిప్సము వేయుట, చిల్లికుండలో నీరు పోయుటవంటిది. ముందు నీటి సంగతి చూడవలెను.

(ఉ) ఈ లెక్కలన్నిటిని సంఘపు కార్యాలయమున ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. కార్యదర్శి మారినను పుస్తకము మారరాదు. దాని నకలును ఏటేట కాలుష్య నియంత్రణ మండలికిని, భూగర్భజల శాఖకును పంపి, అందినట్లు రసీదు తీసికొనవలెను.

(ఊ) ఖాళీ మందుడబ్బాలను చేర్చుటకు సంఘపు గోదాము వెలుపల తాళము గల పెట్టె నొకదానిని ఉంచి, వానిని సురక్షితముగా పంపుటకు వ్యవసాయశాఖతోడను మందుల వ్యాపారులతోడను మాటలాడవలెను.

దేశమునకు విద్యుచ్ఛక్తి కావలయును; దానికి యురేనియము కావలయుననుటను మేము కాదనము. గనిలో పనిచేయువారు సైతము మన గ్రామములవారే. కాని గని మూతపడిన తరువాత సైతము ఆ బురద అచ్చటనే యుండును. దానిని కాచువా రెవరు, ఎంతకాలము, ఏ ధనముతో అను ప్రశ్నకు వ్రాతపూర్వకముగా ఉత్తరము కోరుట రైతుల హక్కు. ఆ ప్రశ్నను వేయుటకు ముందు మన పుస్తకములో మన లెక్క యుండవలెను.

రాబోవు మే మాసములోగా ప్రతి సంఘమును కనీసము ఐదు బోరుల నీటిని పరీక్షింపజేసి, మొదటి పుటను వ్రాయించునని ఆశించుచున్నాము.